ఆకుపచ్చ టిక్కు పెట్టి, రీస్టోర్ కాని బ్యాకప్ ఇచ్చినందుకు ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

విషయం: మీ డిస్క్ ఇమేజింగ్ సాఫ్ట్‌వేర్ తీసిన బ్యాకప్ రీస్టోర్ కాకపోవడం, నా టికెట్‌ను పరిష్కారమైనట్టు మూసేయడం, లైసెన్సు డబ్బు వాపసు గురించి.

అయ్యా,

రాజమహేంద్రవరంలో మా ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్. దాని మీదే నా భార్య ట్యాలీలో నాలుగైదు కొట్ల లెక్కలు రాసి, వాళ్ల జీఎస్టీ రిటర్నులు వేస్తుంది. అందుకే మీ హోమ్ ఎడిషన్‌కి డబ్బు కట్టాం. ప్రతి ఆదివారం రాత్రి అది డిస్కు మొత్తాన్ని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి ఇమేజ్ (అచ్చు నకలు ఫైలు) తీసి, ఆకుపచ్చ టిక్కుతో ‘బ్యాకప్ విజయవంతం’ అని మెయిల్ పెడుతుంది. ఆ మెయిళ్లన్నీ జతచేస్తున్నాను. గత నెల ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ పోయింది, కొత్తది వేయించాం. డిస్కు పోయినందుకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఎప్పుడో ఒకప్పుడు పోతుందనే కదా మీకు డబ్బు కట్టింది!

డిస్కు పోయినప్పుడు వాడడానికి మీ సాఫ్ట్‌వేర్‌తో ముందే చేసి పెట్టుకున్న రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే అసలు కొత్త ఎస్‌ఎస్‌డీయే కనిపించలేదు. మాది ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్. ఈ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో బయోస్‌లో వీఎండీ (డిస్కులను నడిపే ఇంటెల్ ఏర్పాటు) ఆన్ చేసే వస్తోంది. దాని డ్రైవర్ లేకపోతే విండోస్ ఇన్‌స్టాలర్‌కే ఎన్‌వీఎంఈ డిస్కు (మాలాంటి ఎస్‌ఎస్‌డీ) కనపడదు, విండోస్ పీఈ (ఇన్‌స్టాలర్ నడిచే చిన్న విండోస్) మీద నడిచే మీ పెన్‌డ్రైవ్‌కీ అదే గతి. కానీ ఆ పెన్‌డ్రైవ్ తయారు చేసింది ఇదే ల్యాప్‌టాప్‌లో. అప్పటికి ఆ డ్రైవర్ ల్యాప్‌టాప్‌లో పనిచేస్తూనే ఉంది. దాన్ని తీసుకుని పెన్‌డ్రైవ్‌లో వేయడానికి మీ సాఫ్ట్‌వేర్‌కి ఏమి అడ్డొచ్చిందో తెలియదు.

ఇంతకంటే భయం వేసిన సంగతి ఇంకొకటి. ‘ఎక్కడికి రీస్టోర్ చేయాలి’ అని అడిగిన తెర మీద ఒకే ఒక్క డిస్కు చూపించారు: ‘డిస్క్ 0, 931.5 జీబీ’. మేం వేయించిన ఎస్‌ఎస్‌డీ కూడా 1 టీబీయే కాబట్టి ఎవరైనా అదే అనుకుంటారు. నిజానికి అది నా బ్యాకప్ ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కు. కింద సన్నటి అక్షరాల్లో నేను పెట్టుకున్న పార్టిషన్ పేరు కనిపించబట్టి ఆగాను. లేకపోతే ‘నెక్స్ట్’ బటన్ నొక్కడానికి సిద్ధంగానే ఉంది. ఇమేజ్ ఏ డిస్కులో ఉందో ఆ డిస్కునే తుడిచేస్తానంటున్నా అడ్డు చెప్పని సాఫ్ట్‌వేర్‌ని ఇళ్లలో వాడేవాళ్లకి ఎలా అమ్ముతున్నారు?

ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి డ్రైవర్ వేరే కంప్యూటర్‌లో దించుకుని, నేనే లోడ్ చేసుకున్నాను. అప్పుడు ఎస్‌ఎస్‌డీ కనిపించింది. చివరి ఆదివారం ఇమేజ్ ఎంచుకుంటే ‘ముందరి ఫైలు దొరకలేదు, ఎక్కడుందో చూపండి’ అని వచ్చింది. అంతకు ముందు వారానిదీ అంతే. ఎందుకో మీ లాగ్‌లోనే ఉంది, అదృష్టవశాత్తూ అది ఎక్స్‌టర్నల్ డిస్కులోనే ఉండిపోయింది. ఉగాది ముందు ఒక ఫుల్ ఇమేజ్, ఆ తర్వాత అన్నీ ఇంక్రిమెంటల్, అంటే ముందరి ఫైలు తర్వాత మారినవి మాత్రమే. కొంతకాలానికి చోటు ఖాళీ చేయడానికని మీ ఆటోమేటిక్ క్లీనప్ మధ్యలోంచి ఒక ఇంక్రిమెంటల్ ఫైలును, పక్కదానితో కలపకుండానే, తీసేసింది. దాని వెనక వచ్చినవేవీ ఇక పనికిరావు. దారం తెగిన ఆ దండకే మీ సాఫ్ట్‌వేర్ వారం వారం పూసలు గుచ్చుతూ, టిక్కు పెడుతూ వచ్చింది. చివరికి ఉగాది ముందరి ఫుల్ ఇమేజ్, తెగేలోపు తీసిన కొన్ని ఇంక్రిమెంటల్స్ మాత్రమే దక్కాయి. ఆ తర్వాత నెలల ఎంట్రీలన్నీ పోయాయి. ఇప్పుడు నా భార్య కొట్ల నుంచి బిల్లుల కట్టలు తెప్పించుకుని మళ్లీ మొదటి నుంచి ఎక్కిస్తోంది. 20వ తేదీకి వేయాల్సిన నెలవారీ రిటర్ను జీఎస్టీఆర్-3బీ దాటితే రోజుకు 50 రూపాయలు లేటు ఫీజు, పన్ను ఉంటే ఆపైన 18 శాతం లెక్కన వడ్డీ. ఆ కొట్లవాళ్లకి మీరెవరో కూడా తెలియదు, అడిగేది మమ్మల్నే.

మీ సపోర్ట్ వాళ్లు మొదట అడిగింది, పాడైన కంప్యూటర్‌లో లాగిన్ అయి సిస్టమ్ రిపోర్టు పంపమని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తర్వాత ఎక్స్‌టర్నల్ డిస్కే పాడై ఉంటుందన్నారు. చెక్‌డిస్క్ నడిపాను, డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రీడింగ్ పంపాను, అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అదే డిస్కులోని ఫుల్ ఇమేజ్ చక్కగా రీస్టోర్ అయిందని కూడా రాశాను. దానికి జవాబు లేదు. టికెట్ ‘పరిష్కారమైంది’ అని మూసేసి, కొన్న 30 రోజుల్లోపయితేనే వాపసు అని ఒక ముక్క పడేశారు. బ్యాకప్ పనిచేస్తుందో లేదో డిస్కు పోయిన రోజునే తెలుస్తుంది. 30 రోజుల్లో ఎవరి డిస్కు పోతుందండీ?

క్లోన్‌జిల్లా అని ఉచితంగా దొరికేది ఒకటుంది. దానికి ఇంక్రిమెంటల్ రాదు, తెర చూస్తే పాతకాలంలోకి వెళ్లినట్టుంటుంది. కానీ ఇమేజ్ తీశాక అది రీస్టోర్ అవుతుందో లేదో చెక్ చేయాలా అని తనంతట తానే అడుగుతుంది. మీ దాంట్లో ఆ వెరిఫై ఆప్షన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల లోపల ఎక్కడో ఉంది, అదీ ఆఫ్‌లో. డబ్బు తీసుకునేవాళ్లు కనీసం అంత చేయరా?

లైసెన్సు డబ్బు మొత్తం తిరిగి ఇవ్వండి. క్లీనప్ మధ్య ఫైలును ఎందుకు తీసేసిందో, మిగతా కస్టమర్ల గొలుసులు కూడా ఇలాగే తెగి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా చెప్పండి. తెగి ఉంటే వాళ్లందరికీ ఇప్పుడే, వాళ్ల డిస్కులు పోకముందే, మెయిల్ పెట్టండి. నా డబ్బు కంటే ఇది ముఖ్యం.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, ఆపైన ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీ ఆఫీసు ఎక్కడున్నా నేనున్న చోటే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. లాగ్ ఫైలు, తెర ఫోటోలు, మీ సపోర్ట్ మెయిళ్లు జతచేశాను. టికెట్ మళ్లీ తెరిచి, లాగ్ చదవడం వచ్చిన మనిషికి అప్పగించండి.

ఇట్లు,
మీ హోమ్ ఎడిషన్ లైసెన్సుదారు,
రాజమహేంద్రవరం