అటెండెన్స్ గురించి కాదులే

అమ్ములూ,

పార్సిల్ అందిందా? గోంగూర సీసా మూత సరిగ్గా బిగించలేదని మీ అమ్మ నన్నే సణుగుతోంది. స్వెట్టర్ అడుగున ఉంది, చూసుకో.

ఊరికే రాస్తున్నా. నువ్వు పొద్దున క్లాసులకు పోవట్లేదని బుజ్జి అన్నదట, పెద్దత్త చెప్పింది. బుజ్జి మాటలు మనకు తెలియనివా! అది వదిలెయ్.

ఇంటర్లో తెల్లారకముందే లేపేవాళ్లు, స్టడీ అవర్‌లో వెనకాల నిలబడేవాళ్లు, వారం వారం ర్యాంకులు అంటించేవాళ్లు. బీటెక్‌లో అడిగే నాథుడుండడు. 1971లో ఎడ్వర్డ్ డెసి అనే అమెరికన్ సైకాలజిస్టు విద్యార్థులకు డబ్బిచ్చి పజిల్స్ చేయించాడు. డబ్బు ఆపేశాక వాళ్లకు ఆ పజిల్స్ మీద ఆసక్తి తగ్గింది. ర్యాంకు కోసం చదివిన చదువూ అలాగే ఆగిపోతుంది. అందుకే నిన్ను బద్ధకస్తురాలివని అనను.

మీ శీను బావ సంగతి నీకు పూర్తిగా తెలియదు. ఇంటర్లో సెక్షన్ టాపర్. బీటెక్‌లో మెటీరియల్ ఎవరిస్తారా అని కూర్చున్నాడు. పరీక్షలకు మూడు రోజుల ముందు ఆల్ ఇన్ వన్ గైడు కొన్నాడు. నాలుగు బ్యాక్‌లాగులు! గది తలుపు తీసేవాడు కాదు, ఫోన్ ఎత్తేవాడు కాదు (నువ్వూ ఎత్తట్లేదు, సరే). తర్వాత రోజూ లైబ్రరీలో ఒకే కుర్చీ, ఒకే సబ్జెక్టు. ఐదు యూనిట్లలో ఒక్కటి పట్టుకుని రోజుకు రెండు లెక్కలు. ఇరవై నిమిషాలు తనే కుస్తీ పట్టాకే సొల్యూషన్ చూడాలి. ఆగిపోయిన లైను కింద ఎర్రగీత. ఆ గీతలతో సార్ దగ్గరికి వెళ్లేవాడు. "అర్థం కాలేదు సార్" అంటే మళ్లీ చదువుకో అంటారు. "ఈ లిమిట్ సున్నా నుంచి ఎందుకు సార్" అంటే కూర్చోబెట్టి చెప్తారు. రెండేళ్లలో అన్నీ క్లియర్. పెద్దత్త మాత్రం అదంతా వెంకన్న మహిమే అంటుంది.

నీకు సిగ్నల్స్ సబ్జెక్టు ఉంది కదా. కన్వల్యూషన్, అదే రెండు సిగ్నల్స్‌ని కలిపే లెక్క, చదువుతుంటే వచ్చేసినట్టే ఉంటుంది. ఒక సిగ్నల్‌ని తిరగేసి, జరుపుతూ, రెండూ ఎక్కడ కలుస్తున్నాయో నీ చేత్తో బొమ్మ గీయకపోతే పరీక్షలో ఇంటిగ్రల్ లిమిట్స్ దగ్గర ఇరుక్కుంటావు. క్లాసైన రోజు సాయంత్రమే నోట్సు మూసేసి పది నిమిషాలు తెల్లకాగితం మీద గుర్తున్నది రాయి. తర్వాత తెరిచి ఖాళీలు నింపు. రెండు రోజులకోసారి, వారానికోసారి మళ్లీ చూడకుండా రాయి. నాలుగుసార్లు చదివినదానికన్నా ఇదే నిలుస్తుంది. క్లాసుకు పోతేనే లే ఇదంతా.

అన్నట్టు అటెండెన్స్ 75 శాతం ఉండాలి. 65 దాటితే సరైన కారణం చూపి, ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. అంతకన్నా తగ్గితే డిటైనే, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. మాటవరసకు చెప్పా.

అటెండెన్స్ పేజీ ఫొటో తీసి పంపు. తక్కువుంటే తక్కువే పంపు, మీ అమ్మకు చూపించను. ఐరన్ మాత్ర టీతో వేసుకోకు, ఒంటికి పట్టదు.

నాన్న