త్రిపురం బావి, తిరుమల కొండ, నీ ఏడు దీవులు

తిరుపతి,
ఆదివారం

పాపా,

మీ గేమ్ కోసం నువ్వు గీసి పంపిన ఆకాశ దీవుల పటం ఫోన్‌లో సరిగ్గా కనపడలేదు. బడి పక్కనున్న జిరాక్స్ షాపులో పెద్ద కాగితం మీద రంగుల్లో ప్రింటు తీయించి, హాల్లో క్యాలెండర్ పక్కన అంటించాను. అవ్వ కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఊళ్ళన్నీ గాల్లో ఉండాయి, సరే. వీళ్ళకి నీళ్ళు యాడివే?" అనింది. నేనూ అదే అడుగుదామనుకున్నా.

బొమ్మగా చూస్తే చాలా బాగుంది, అందులో పేచీ లేదు. ఏడు దీవులు, వాటి మధ్య గొలుసు వంతెనలు, గాజు గోపురం, డ్రాగన్ పడుకున్న గుహ, అంచు మీంచి జారి మేఘాల్లో కలిసిపోయే జలపాతం. కానీ ఒక్కొక్కటీ అక్కడ జాగా ఖాళీగా ఉంది కాబట్టి పెట్టినట్టుంది. మీ గేమ్ ఆడేవాళ్ళు ఆ గోపురం దాకా ఎందుకు పోవాలి? పోకపోతే వాళ్ళకొచ్చే నష్టమేంటి? "పురాణాలు నీకూ అవ్వకూ తెలుసు కదా, ఈ లోకానికి ఒక పాత కథ చెప్పండి" అన్నావు. వాయిస్ మెసేజ్‌లో తెమిలే పని కాదని ఉత్తరం రాస్తున్నా. సైన్సు టీచర్ని కదా, మధ్యలో కొంచెం పాఠం కూడా దూరుతుంది. ఓర్చుకో.

గాల్లో ఊళ్ళకు మన కథల్లో కొదవ లేదు. అన్నిటికంటే పెద్దది త్రిపురం. తారకాసురుడికి ముగ్గురు కొడుకులు: తారకాక్షుడు, కమలాక్షుడు, విద్యున్మాలి. తపస్సు చేసి చావు లేకుండా వరమివ్వమని బ్రహ్మను అడిగారు. అది కుదరదన్నాడు. అయితే మూడు పట్నాలు కావాలి, వాటిలో ఉండి లోకాలన్నీ తిరుగుతాం, వెయ్యేళ్ళకొకసారి మూడూ ఒకచోట కలుస్తాయి, అప్పుడు ఒక్క బాణంతో మూడింటినీ కొట్టగలిగినవాడి చేతిలోనే మాకు చావు రావాలి అన్నారు. అసురుల శిల్పి మయుడు కట్టిపెట్టాడు. బంగారు పట్నం స్వర్గంలో, వెండిది అంతరిక్షంలో, ఇనుపది భూమ్మీద. చివరికి భూమి రథమై, సూర్యచంద్రులు చక్రాలై, మేరువు విల్లై, విష్ణువే బాణమై శివుడు వాటిని కాల్చేశాడు.

ఆ రథం గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ షరతు దగ్గరే మనసు ఆగుతుంది. వరం అడిగిన రోజే చావు ముహూర్తం కూడా వాళ్ళే పెట్టుకున్నారు. ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి పిల్లకూ ఆ లెక్క తెలిసే ఉంటుంది. వెయ్యో ఏడు దగ్గరపడే కొద్దీ ఇనుప పట్నంలో వాళ్ళు తలెత్తి చూసుకుంటూ ఉంటారు, వెండి పట్నం ఎంత దూరంలో ఉంది, బంగారుది దాని వెనక్కి వచ్చిందా అని. కొందరు నమ్మరు. కొందరు ఇల్లు కట్టడం మానేస్తారు. పటంలో నీ దీవులు ఎక్కడివక్కడ నిలబడి ఉన్నాయి. అవి కదలాలి, కదిలి ఎప్పుడో ఒకప్పుడు ఒకే వరుసలోకి రావాలి. ఆ రోజు ఏమవుతుందో మీరు తేల్చుకుంటే సగం కథ తయారైనట్టే.

ఇక బావి. భాగవతం ఏడో స్కంధంలో ఉంది. మయుడు త్రిపురంలో సిద్ధరసం నింపిన బావి ఒకటి పెట్టాడు. యుద్ధంలో చచ్చిన అసురులను అందులో వేస్తే లేచి వచ్చేవాళ్ళు. శివుడంతటివాడు దిగులు పడ్డాడు. అప్పుడు విష్ణువు ఆవుగా, బ్రహ్మ దూడగా వచ్చి ఆ రసమంతా తాగేశారు. కాపలావాళ్ళు చూస్తూనే ఉండి, మాయలో పడి ఆపలేకపోయారు. ల్యాండ్‌మార్క్ అంటే అట్లా ఉండాలి పాపా. ఊరికి అది కావాలి, దానికి కాపలా ఉండాలి, ఎవరో దానిమీద కన్నేసి ఉండాలి, అది ఎండిపోయిన మర్నాడు ఊరు ఊరంతా మారిపోవాలి. నీ గాజు గోపురం పగిలితే గాజు పెంకులు తప్ప ఏం మిగలవు.

రెండో ఊరు హిరణ్యపురం. అరణ్యపర్వంలో అర్జునుడే ధర్మరాజుకు చెబుతాడు. పులోమ, కాలక అని ఇద్దరు అసుర స్త్రీలు ఏళ్ళ తరబడి తపస్సు చేసి తమకంటూ ఏమీ అడగలేదు. మా పిల్లలకు కష్టం రాకూడదు, దేవతల చేతిలో, రాక్షసుల చేతిలో, నాగుల చేతిలో వాళ్ళకు చావుండకూడదు, ఉండడానికి గాల్లో తిరిగే మంచి ఊరు కావాలి అన్నారు. మనుషులు ఆ పట్టీలో లేరు. అర్జునుడు మనిషి. ఆ యుద్ధంలో ఊరు ఒకసారి భూమిలోకి దూరుతుంది, ఒకసారి పైకి లేస్తుంది, అడ్డంగా పరిగెత్తుతుంది, నీళ్ళలో మునుగుతుంది. ఎంత తప్పించుకున్నా చివరికి అస్త్రం తగిలి కూలిపోయింది. ఊళ్ళో ఆడవాళ్ళు జుట్టు విరబోసుకుని ఏడుస్తూ బయటికొచ్చారని కూడా ఉంది. అవ్వ ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఇక్కడ ఆగి "ఆ తల్లులిద్దరూ ఏమైనారో" అంటుంది. మీ గేమ్‌లో ఆ తల్లులు ఇంకా బతికే ఉన్నారనుకో. ఊరు కింద పడకుండా ఏ మాట మీద నిలబడిందో వాళ్ళిద్దరికే తెలుసు. నీ గుహలో డ్రాగన్‌కు బదులు వాళ్ళను కూర్చోబెట్టు. డ్రాగన్లు అందరి ఆటల్లోనూ ఉన్నాయి.

సాల్వుడనే రాజు విమానం, సౌభకం గురించి పెద్దగా చెప్పను. అదీ మయుడు కట్టిందే, ఇనుముతో. కాసేపు ఒకటిగా, కాసేపు అనేకంగా కనిపించి, ఉన్నట్టుండి మాయమయ్యేది. ద్వారక మీదికి వచ్చి కృష్ణుడి గద దెబ్బకు నీళ్ళలో కూలింది. అందులో నాకు మహా ఇష్టమైన ముక్క ఒకటుంది. ఆ విమానం కోసం సాల్వుడు ఏడాది పాటు రోజుకు పిడికెడు మన్ను మాత్రమే తిని శివుణ్ణి కొలిచాడు. ఆకాశంలో ఊరు కావాలన్నవాడికి మన్ను తినిపించిన ఆ కథకుడికి ఒక దండం. త్రిశంకువు సంగతి నీకు తెలిసిందే. ఏప్రిల్, మే నెలల్లో రాత్రిపూట మన మిద్దెక్కి దక్షిణంగా చూస్తే నేలకు కాస్త పైన శిలువలాగా నాలుగు చుక్కలు కనపడతాయి, వాటినే త్రిశంకువు అంటారు. నీకు ఎనిమిదో దీవి కావాలంటే తలకిందులుగా ఉండే దీవి అది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. నువ్వు పుట్టి పెరిగిన ఊరికి ఎదురుగా ఉన్న కొండే ఆకాశంలోంచి వచ్చిందని మనవాళ్ళ కథ. ఆదిశేషుడికీ వాయుదేవుడికీ ఎవరు గొప్ప అని పంతం వచ్చింది. శేషుడు మేరువులోని ఆనంద శిఖరాన్ని చుట్టుకుని పట్టుకున్నాడు, వాయువు విసిరికొట్టాడు, అది వచ్చి స్వర్ణముఖి దగ్గర పడింది. ఇంకో కథలో వరాహస్వామి చెప్పాడని గరుత్మంతుడు వైకుంఠం నుంచి క్రీడాద్రి అనే కొండను మోసుకొచ్చి దించాడు. సుందరకాండలో మైనాకుడు హనుమంతుడితో చెప్పేది కూడా కలుపుకో. కృతయుగంలో కొండలకు రెక్కలుండేవి, ఎక్కడ పడితే అక్కడ వాలి జనాన్ని భయపెట్టేవి, ఇంద్రుడు రెక్కలు నరికాడు, వాయువు తనను మాత్రం సముద్రంలోకి తోసి కాపాడాడు. ఈ మూడింట్లో రెండు కథల్లో కొండను జరిపే పని వాయువుదే, గమనించావా? నీ లోకంలో గాలికి ఒక పేరు, ఒక స్వభావం, ఒక పాత పగ ఉండాలి.

కొండ దిగింది కాబట్టి దాని మీద గుర్తులు మిగిలాయి. ఒక్కొక్క గుర్తు ఎట్లా పుట్టిందో చూడు. తిరుమలనంబి ముసలితనంలో స్వామి అభిషేకానికి పాపవినాశనం నుంచి కుండ మోసుకొస్తుంటే, స్వామి బోయవాడిలా వచ్చి దాహమని ఆ నీళ్ళు తాగేసి, అంత దూరం మళ్ళీ ఎందుకులే అని బాణం వేసి ఆకాశగంగను తెప్పించాడంటారు. ఒక ముసలాయన కాళ్ళ నొప్పులకు ఒక తీర్థం పుట్టింది. రామానుజులు కొండను కాళ్ళతో తొక్కకూడదని మోకాళ్ళ మీద ఎక్కిన చోటు మోకాళ్ళ మెట్టు అయింది. అలిపిరి నుంచి 3550 మెట్లంటారు. అందులో జనం గుర్తుపెట్టుకునేది ఒళ్ళు అలిసిన చోటునే. గాలిగోపురం సంగతి చెప్పనక్కర్లేదు. రాత్రి కొండ చీకట్లో కలిసిపోయాక ఆ నామం, శంఖుచక్రాల దీపాలు గాల్లో వేలాడుతున్నట్టే ఉంటాయి. బస్సు దిగినవాడికి కొండ కనపడకముందే అవి కనపడతాయి. నీ దీవులకు దూరం నుంచి, అందులోనూ రాత్రిపూట, దారి చూపేది ఏదీ లేదు. మేఘాల్లో పడవ నడిపేవాడికి అదే కదా మొదట కావాల్సింది?

ఇంకొకటి, ఇది పురాణం కాదు. ఘాట్ రోడ్డులో ఒక చోట కింద పాత గ్రానైటు, దాని నెత్తిన క్వార్ట్‌జైటు అనే గట్టి రాతి పొరలు గీత గీసినట్టు కలుస్తాయి. ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. జియొలాజికల్ సర్వే వాళ్ళు దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. ఆ గీతకు కిందనున్న రాతికీ పైనున్న రాతికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ళ తేడా ఉంది. ఆ కాలానికి సంబంధించిన రాయి అక్కడ లేనే లేదు. ఎక్కడిదో కొండ తెచ్చి ఇంకో నేల మీద పెట్టారని చెప్పిన కథకుడికి జియాలజీ తెలిసి ఉండదు. అయినా ఆ గీత ముందు నిలబడినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పైన చక్రతీర్థం దగ్గర శిలాతోరణం కూడా ఆ క్వార్ట్‌జైటే, గాలీ వానా అరగదీసిన రాతి ద్వారం. నీ దీవులకు అడుగుభాగం గీసేటప్పుడు ఇది గుర్తుంచుకో. ఒక్కో దీవి కింద ఎక్కడి నుంచి తెగి వచ్చిందో ఆ గాయం కనపడాలి. నువ్వు అడుగున అంతా నున్నగా తేల్చేశావు.

ఇక ఎత్తు. నీ దీవులు నేలకు ఎంత పైన ఉన్నాయో ఎక్కడా రాయలేదు. అయిదున్నర కిలోమీటర్లు అనుకుందాం. అక్కడ గాలి ఒత్తిడి నేల మీదున్న దాంట్లో సగమే. కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది కాబట్టి తిరుపతిలో 40 డిగ్రీలు మండుతుంటే అక్కడ స్వెటర్ వెయ్యాలి. నీళ్ళు 82 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కుండలో అన్నం ఎంతకీ ఉడకదు. కుక్కర్ కనిపెట్టినవాడికి ఆ లోకంలో గుడి కట్టి ఉంటారు. రెండు మూడు కిలోమీటర్లలో ఉంటే అంత తంటా లేదు, మేఘాలు గుండా పోతుంటాయి, వలలు కట్టి మంచు నీళ్ళు పట్టుకోవచ్చు. అవ్వ అడిగిన దానికి జవాబు అక్కడే ఉంది.

పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్ళావంటే ఇంకో తమాషా. నైరుతి రుతుపవనాల రోజుల్లో మన నెత్తిన, అంత ఎత్తులో, తూర్పు నుంచి పడమరకు గంటకు వంద కిలోమీటర్లు దాటే గాలి వీస్తుంది. కిందనేమో పడమటి గాలి. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకిలో ఈ గాలులను కొలిచే పెద్ద రాడార్ ఉంది, పొలమంత జాగాలో 1024 యాంటెనాలు వరుసగా నిలబెట్టి. మా తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకుపోయినప్పుడు ఒకడు "మేడం, అంత పైన ఎవురుండారని చూస్తారు?" అని అడిగాడు. వాడికి నీ పటం చూపించాలి. పై దీవులు ఒకవైపు, కింది దీవులు ఇంకోవైపు కొట్టుకుపోతుంటే నీ గొలుసు వంతెనలు ఒక్క వారం నిలవవు. ఏడాదిలో గాలి మారే ఆ కొద్ది రోజులే వంతెనలు వేస్తారని పెట్టు. పెళ్ళిళ్ళు, సంతలు, యుద్ధాలు అన్నీ ఆ రోజుల్లోనే జరగాలి.

అంతా ఒకేసారి మార్చమనడం లేదు. మీ టీమ్‌లో మిగతా పిల్లలు కూడా ఒప్పుకోవాలి కదా, నువ్వొక్కదానివే మొండికేసి కూర్చోకు. ఆ జలపాతాన్ని మాత్రం నువ్వే ఎట్లాగైనా సరిచెయ్యి. పగలూ రాత్రీ అట్లా కారిపోతుంటే మంచు వలల నీళ్ళు ఏ మూలకూ చాలవు. వానాకాలంలో పారి, తర్వాత ఎండిపోయి రాతి మీద చార మిగిలితే చాలు, మన కపిలతీర్థం కూడా అంతే కదా.

పరీక్షల తేదీలు చూసుకుని చెప్పు. ఫాల్గుణ పౌర్ణమికి సెలవు దొరికితే రా, తుంబురు తీర్థంలో జరిగే ముక్కోటి ఉత్సవానికి పోదాం. తుంబురుడు గంధర్వుడు కాబట్టి నీ దీవుల్లో పాటగాళ్ళకు ఆయన పేరే వాడుకోవచ్చు. కొండ నిలువునా చీలినట్టుండే సందులో నడవాలి, దారి అంతా రాళ్ళు, నీళ్ళు. ఆ ఫ్యాన్సీ చెప్పులు అక్కడే వదిలేసి పట్టీలున్నవి తెచ్చుకో. స్కెచ్ పుస్తకానికి ప్లాస్టిక్ కవరు నేను ఇస్తా.

మీ అమ్మ