అశ్వాపురం భారజలం, కైగా విద్యుత్తు

చిరంజీవి స్రవంతికి,

నాన్న ఆశీస్సులు. అశ్వాపురంలోని మా కర్మాగారం తయారుచేసే భారజలం నుంచి కరెంటు ఎలా పుడుతుందని, అణువిద్యుత్తు ప్రమాదం కాదా అని నీవు భయపడుతూ ఫోనులో అడిగినప్పుడు, రెండు మాటల్లో తేల్చడం ఇష్టంలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. భారజలమంటే మామూలు హైడ్రోజన్‌కు బదులు డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు. అది ఇంధనం కాదమ్మా, ఇంధనం యురేనియం. అయితే కైగా వంటి అణువిద్యుత్ కేంద్రాలలో యురేనియం నుంచి వేడి పుట్టించే రియాక్టర్లు భారజలం లేనిదే నడవవు. కర్ణాటకలో కాళీ నది ఒడ్డున ఉన్న ఆ కేంద్రంలో ఒక్కొక్కటి 220 మెగావాట్ల రియాక్టర్లు నాలుగు ఉన్నాయి.

గనిలో దొరికే యురేనియంలో సులువుగా చీలే యురేనియం-235 వాటా సుమారు 0.7 శాతమే. న్యూట్రాన్ తగిలి దాని కేంద్రకం చీలినప్పుడు, ఆ ముక్కలు మహావేగంతో దూసుకుపోతూ చుట్టూ ఉన్న పదార్థాన్ని వేడెక్కిస్తాయి. వాటితోపాటు రెండు మూడు కొత్త న్యూట్రాన్లు వెలువడతాయి. మరీ వేగంగా పోయే న్యూట్రాన్‌కు ఇంకో కేంద్రకాన్ని చీల్చే అవకాశం తక్కువ. గోళీ సాటి గోళీని కొట్టి వేగం పోగొట్టుకున్నట్లే, తేలికైన పరమాణువులను ఢీకొంటూ పోతే న్యూట్రాన్ నెమ్మదిస్తుంది. ఆ పని మామూలు నీరూ చేయగలదు గాని, అది కొన్ని న్యూట్రాన్లను మింగేస్తుంది. భారజలం మింగేది అత్యల్పం. అందువల్ల యురేనియం-235 వాటాను పెంచే ఖరీదైన ప్రక్రియ లేకుండా, సహజ యురేనియంతోనే, ఒక చీలిక మరో చీలికకు దారితీసే గొలుసు చర్య కొనసాగుతుంది. నీటిలో దాదాపు 6,500 హైడ్రోజన్ పరమాణువులకు ఒక్కటే డ్యుటీరియం గనుక, గోదావరి నీటి నుంచి దాన్ని వేరుచేయడానికి ఎంత శ్రమ అవసరమో ఊహించుకో.

యురేనియం నింపిన ఇంధన కడ్డీల కట్టల మీదుగా అధిక పీడనంతో ప్రవహించే భారజలం వేడిని మోసుకుపోయి, గొట్టాల అవతలి మామూలు నీటిని ఆవిరిగా మారుస్తుంది. ఆ ఆవిరి టర్బైన్‌ను, టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతాయి. ఆవిరి పుట్టాక జరిగే పనిలో, మన పక్కనున్న భద్రాద్రి థర్మల్ కేంద్రానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

తేడా అంతా ఇంధనంలోనే ఉంది. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ తయారుచేసే ఒక్కో కట్ట అర మీటరు పొడవు, అందులో దాదాపు 15 కిలోల యురేనియం ఆక్సైడ్ ఉంటుంది. అది ఇచ్చే విద్యుత్తుకు కొన్ని వందల టన్నుల బొగ్గు కాల్చవలసి వస్తుంది. ఉత్పత్తి సమయంలో బూడిదా లేదు, బొగ్గుపులుసు వాయువూ వెలువడదు. పైగా రియాక్టరును ఆపకుండానే పాత కట్టలు తీసి కొత్తవి పెట్టవచ్చు. కైగా మొదటి యూనిట్‌ను 2018 డిసెంబరు 31న ఆపేనాటికి అది 962 రోజులు నిర్విరామంగా నడిచింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఎండతో, గాలితో నిమిత్తం లేకుండా రాత్రింబవళ్లు నిలకడగా అందే ఈ విద్యుత్తే నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద ప్రయోజనం.

నీ భయానికీ కారణముంది. గొలుసు చర్యను క్షణాల్లో ఆపినా, చీలిన ముక్కల రేడియోధార్మికత వల్ల అప్పటి వేడిలో ఆరేడు శాతం పుడుతూనే ఉంటుంది. అది క్రమంగా తగ్గుతుంది గాని వెంటనే పోదు. 2011 మార్చిలో సునామీ ఫుకుషిమా కేంద్రంలోని అత్యవసర జనరేటర్లను ముంచెత్తినప్పుడు, ఆగి ఉన్న రియాక్టర్లలోని ఇంధనం కరగడానికి కారణం ఈ మిగులు వేడే. అందుకే చల్లార్చే ఏర్పాట్లు ఒకదానికి మరొకటి అండగా ఉండాలి, వాడేసిన కట్టలను కూడా ఏళ్ల తరబడి నీటి కొలనుల్లో ఉంచాలి. ఈ ఖర్చునూ జాగ్రత్తనూ తగ్గించుకోవాలని చూసే వారికి ఈ విద్యుత్తు తగదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇట్లు,
మీ నాన్న