టీకా మీద సందేహం ఉంటే అడగండి

తల్లిదండ్రులకు నమస్కారం.

పిల్లల టీకా కార్డుల నకళ్లు పంపమని ఈ నెల మొదట్లో అడిగాం. దాని మీద క్లాసు వాట్సాప్ గ్రూపుల్లో జరిగిన వాదన నా దాకా వచ్చింది. ఒకరిద్దరు టీకాలంటే తమకున్న భయం చెప్పుకుంటే, మిగతావాళ్లు "చదువుకున్నవాళ్లై ఉండి ఇదేం మాట" అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది.

ఈ భయానికీ చదువుకీ సంబంధం తక్కువ. 1998లో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే) టీకా వల్ల ఆటిజం వస్తుందేమో అనిపించేలా బ్రిటన్‌లోని ఒక పేరున్న వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. 2010లో ఆ పత్రికే దాన్ని వెనక్కి తీసుకుంది. లక్షల మంది పిల్లల్ని పరిశీలించినా అలాంటి సంబంధం కనిపించలేదు. ఈలోగా టీకా మానేసినవాళ్లలో బాగా చదువుకున్న కుటుంబాలూ ఉన్నాయి.

ఎవరి మాట నమ్ముతాం అన్నదే అసలు సంగతి. నైజీరియాలోని కానో రాష్ట్రంలో 2003లో పోలియో చుక్కలు ఆపేశారు. పిల్లలు పుట్టకుండా చేసే మందు కలిపారని పుకారు. కొందరు మతపెద్దలు, నాయకులు దాన్ని సమర్థించారు. అంతకుముందు 1996లో అక్కడి పిల్లల మీద ఒక విదేశీ కంపెనీ మందు ప్రయోగం చేసి వివాదంలో పడింది. ఆ గాయం అప్పటికింకా మానలేదు. అలాంటి చోట శాస్త్రవేత్తలు ఎన్ని లెక్కలు చూపిస్తే మాత్రం ఏం లాభం? చివరికి ముస్లింలు ఎక్కువగా ఉన్న ఇండోనేషియా నుంచి టీకా తెప్పించాక, 2004లో మళ్లీ మొదలైంది. అప్పటికే ఆ వైరస్ చాలా దేశాలకు పాకిపోయింది.

పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న ద్వీపదేశం సమోవా కథ ఇంకా దయనీయం. 2018లో నర్సులు ఎంఎంఆర్ టీకా పొడిలో నీళ్లకు బదులు పొరపాటున వేరే మందు కలిపారు. ఇద్దరు పసివాళ్లు చనిపోయారు. తప్పు కలపడంలో జరిగింది, టీకాలో కాదు. అయినా తల్లులు బెదిరిపోయారు. ప్రభుత్వం కూడా కొన్ని నెలలు టీకాలు ఆపింది. మరుసటి ఏడాది తట్టు వచ్చి 83 మంది పోయారు. ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలే. ఆ తల్లుల్ని మూర్ఖులని నేను అనలేను. ఏం జరిగిందో వాళ్లకు అర్థమయ్యేలా, ఓపిగ్గా, వాళ్లు నమ్మే మనిషి చెప్పి ఉండాల్సింది.

తట్టు ఊరికే అంటుకునే జబ్బు. నూటికి 95 మందికి టీకా పడితేనే అది పాకకుండా ఆగుతుంది. ఆరోగ్య కారణాల వల్ల టీకా వేయకూడని పిల్లలకు ఆ మిగతా పిల్లలే రక్షణ. అందుకే ఈ విషయాన్ని "మా ఇంటి సంగతి" అని వదిలేయలేకపోతున్నాను.

గ్రూపులో ఎవరైనా భయం చెప్పుకుంటే దయచేసి ఎగతాళి చేయకండి. నవ్వులపాలైన మనిషి ఆ తర్వాత డాక్టరుని కూడా అడగరు, తమలాగే భయపడేవాళ్ల దగ్గరికే వెళ్తారు. ఫార్వర్డ్ వచ్చిన మెసేజ్‌ని ఇంకొకరికి పంపేముందు మీ పిల్లల డాక్టరుకి చూపించండి. పెద్దల మాటలు పిల్లలు వింటున్నారనీ గుర్తుంచుకోండి.

కార్డు పోయినవాళ్లు టెన్షన్ పడొద్దు, టీకా వేయించిన చోట అడిగితే వివరాలు దొరకొచ్చు. డాక్టరు వద్దన్న పిల్లలకు ఆయన రాసిచ్చిన చీటీ చాలు. ఇంకా వేయించనివాళ్లు నన్ను కలవండి. శనివారం మధ్యాహ్నాలు నా గదిలోనే ఉంటాను. మీ ఇంట్లో ఈ విషయం నిర్ణయించేది నానమ్మో తాతయ్యో అయితే, వాళ్లనీ వెంట తీసుకురండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు