రైల్వే మంత్రి గారికి, పర్లాకిమిడి నుంచి ఒక బహిరంగ లేఖ

రైల్వే మంత్రి గారికి నమస్కారం అండి.

నాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి, ఇంట్లో మాట్లాడేది తెలుగే. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కదా, అందుకే నేనూ మాట్లాడినట్టే రాస్తున్నాను, ఏమనుకోకండి.

మా మహారాజా వారు నౌపడ నుంచి మా ఊరికి వేయించిన రైలు లైను, పట్టాల మధ్య రెండున్నర అడుగులే వెడల్పు, 1900లో మొదలైంది, 1931లో గుణుపూర్ దాకా వెళ్ళింది. మాకది చిన్న రైలు. నాకు ఏడేళ్ళప్పుడు అమ్మమ్మతో పాతపట్నం వెళ్దామని స్టేషన్‌కి వెళ్తే ఆవిరి ఇంజను నీళ్ళు పట్టుకుంటోంది, నేను అమ్మమ్మ చెయ్యి విడిపించుకుని దగ్గరకెళ్ళి నోరు తెరుచుకుని నిలబడిపోయాను. "ఏట్రా గుంటడా అలా చూస్తన్నావు, ఎక్కుతావేటి" అని డ్రైవర్ గారు రెక్క పట్టుకుని పైకి లాగేశారు. ఫైర్‌మన్ బొగ్గు వెయ్యడానికి తలుపు తీసేసరికి మొహానికి సెగ తగిలింది, ఆ ఎర్రటి వెలుగు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఈ చుక్‌చుక్ చప్పుడు ఎందుకొస్తదండీ అని అడిగాను. ఆయన విసుక్కోలేదు. పని చేసేసిన ఆవిరి గొట్టంలోంచి పైకి పోతా పొయ్యిలో గాలిని కూడా లాక్కుపోతాది, అందుకే బరువెక్కువైతే మంట కూడా దానంతటదే పెరుగుతాది అన్నారు. కష్టం వచ్చిన కొద్దీ బలం పుంజుకునే మిషనా అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఆ పిచ్చి ఈరోజుకీ వదల్లేదు.

1992లో మా లైన్లో ఆవిరి ఇంజన్లు ఆగిపోయాయి, 2004లో చిన్న రైలే ఆగిపోయి 2011లో వెడల్పు పట్టాల బ్రాడ్ గేజ్ వచ్చింది. అది మాకు అవసరమే, వద్దనడం లేదు. ఆ ఇంజన్లలో కొన్నిటికి రంగులేసి బొమ్మల్లా నిలబెట్టారు, ఒకదాన్ని చూడ్డానికి వెళ్ళి బాయిలర్ మీద చెయ్యి వేస్తే చల్లగా ఉంది, చిన్నప్పుడు దాని పక్కన నిలబడితేనే చెమట పట్టేది, చాలా బాధేసింది అండి.

నేనడిగేది ఒక్కటే, ఒక్క ఇంజన్లో మళ్ళీ నిప్పు వేయించండి. హర్యానా రేవాడి షెడ్‌లో పాత ఇంజన్లని మీవాళ్ళే నడుపుతున్నారు, 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఇంజన్నే నడిపించినవాళ్ళకి ఇదో లెక్కా? నౌపడలోనో మా ఊళ్ళోనో కొంచెం దూరం రెండున్నర అడుగుల పట్టాలు వేస్తే చాలు. కానీ తొందరగా చెయ్యాలి. మా వీధిలో ఒక రిటైర్డ్ ఫిట్టర్ గారున్నారు, బాయిలర్‌లోకి నీళ్ళు ఎక్కుతున్నాయో లేదో చప్పుడు విని చెప్పేసేవారు, అది పుస్తకం చూసి వచ్చే విద్య కాదు. 1992లో పాతికేళ్ళ కుర్రాళ్ళుగా పని చేసినవాళ్ళకే ఇప్పుడు అరవై దగ్గర పడుతున్నాయి. వాళ్ళని కూర్చోబెట్టి నలుగురు పిల్లలకి ఆ పని నేర్పించమని మీ వర్క్‌షాపులకి ఒక ఆర్డర్ ఇప్పించండి, ఆ ఫిట్టర్ గారు రేపు రమ్మన్నా వస్తానంటున్నారు.

ఇట్లు
చిన్న రైలు ప్రయాణికుడు, పర్లాకిమిడి