హ్యామర్‌టోన్ పొర కింద తుప్పు

సంపాదకులకు,

అయ్యా,

సుత్తితో కొట్టిన రేకులా చిన్న చిన్న గుంటలతో మెరిసే హ్యామర్‌టోన్ రంగు పాత ఇనుప బీరువాల వల్ల మనకు చిరపరిచితమే. ఇప్పుడు మా వీధిలో గేట్లకూ గ్రిల్స్‌కూ అదే వేయిస్తున్నారు. ఈ రంగులో అల్యూమినియం రేణువులతో పాటు కొద్దిగా సిలికాన్ కలుపుతారు. దాని ప్రభావంతో తడి పొర అక్కడక్కడా పక్కకు తొలగి గుంటలు కట్టి, అలాగే ఆరిపోతుంది. చూడముచ్చటైన పనితనమే, కాదనను. అయితే వెల్డింగ్ అతుకులను, గ్రైండర్ గీతలను, సొట్టలను కంటికి కనబడనీయని ఆ గుణమే అడుగున జరగని పనిని కూడా కప్పేస్తోంది.

రెండేళ్ల క్రితం మేము చేయించుకున్న గేటు రెండో వానాకాలానికే అతుకుల దగ్గర బొబ్బలెక్కింది. గీకి చూస్తే, తుప్పు పట్టకుండా ముందుగా వేయవలసిన ఎర్రటి అడుగు పూత (ప్రైమర్) అయిన రెడాక్సైడ్ జాడే లేదు. తుప్పును ఎమ్రీ కాగితంతో తీయకుండా నేరుగా పై రంగు కొట్టేశారు. విశాఖ వంటి సముద్రతీర నగరంలో ఇనుముపై పేరుకునే ఉప్పును మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ తరువాతే ప్రైమర్ వేయాలి. లేకుంటే పొర కింద మిగిలిన ఉప్పు తేమను లాగి, తుప్పును లోలోపలే పెంచుతుంది. మరమ్మతు ఇంకా కష్టం: సిలికాన్ ఉన్న ఆ పొరపై మామూలు ఎనామిల్ సరిగా పరుచుకోక చుక్కలు చుక్కలుగా విడిపోతుంది కనుక, పాత రంగునంతా తీయవలసిందే.

తీసేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. గృహ, అలంకరణ రంగులలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) మించరాదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలులో ఉన్నా, అంతకుముందటి పొరల్లో సీసం ఎక్కువగా ఉండవచ్చు. అందుచేత పాత గేట్లను, బీరువాలను పొడిగా గీకకుండా నీటితో తడుపుతూ రుద్దాలి. ఆ దరిదాపులకు పిల్లలను రానీయకూడదు.

పార్కుల కంచెలకు, వంతెనల రెయిలింగులకు ఇలాంటి రంగులు వేయించేటప్పుడు, ప్రైమర్ దశలోనే ఇంజినీరు తనిఖీ చేసి సంతకం పెట్టాకే పై పూతకు అనుమతించాలని పురపాలక అధికారులను కోరుతున్నాను. గేటు చేయించుకునే వారు కూడా రెడాక్సైడ్ పూసిన దశలో దుకాణానికి వెళ్లి, అతుకుల లోపలి వైపు సహా కళ్లారా చూసుకున్నాకే మిగతా సొమ్ము చెల్లించాలని నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం