వార్షిక నివేదిక 2024–25: వరద గుర్తులు, అంతర్వేది యాత్ర

పెద్దలకు, తోటి సభ్యులకు నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కాబట్టి నేరుగా ఈ ఏడాది పనుల్లోకి వస్తున్నాను.

ముందు వరద గుర్తుల సంగతి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరికి 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను కళ్లారా చూసినవాళ్లు మన లంకల్లో ఇంకా ఉన్నారు. ఎవరింట్లో నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో వాళ్లనే అడిగి రాసుకుందామని పోయిన సమావేశంలో తీర్మానించాం. పేర్లు ఇచ్చింది పద్దెనిమిది మంది. ఇల్లిల్లూ తిరిగింది ఐదుగురం. ఎవరి ఇబ్బందులు వారివి, కాదనను. రాలేమని ఒక్క ఫోన్ చేస్తే వేరే ఏర్పాటు చేసుకునేవాళ్లం. అయినా ఇరవై ఆరు ఇళ్లలో కొలతలు తీశాం. ఒకచోట మామ్మగారు వంటింటి గూట్లో ఉప్పు జాడీ పక్కన వేలు పెట్టి "ఇదిగో, ఇక్కడిదాకా బాబూ" అన్నారు. టేపు పెట్టి చూస్తే నేల నుంచి నాలుగున్నర అడుగులు. ఆ ఇంటి అరుగే వీధి కంటే మూడడుగులు ఎత్తు! ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని టీవీలో వింటూనే ఉంటాం. ఆ నీళ్లు మన వీధిలో ఎక్కడికొస్తాయో మామ్మగారి గూడే చెప్పాలి.

ఇళ్ల గోడల మీద నీలిరంగు గీత, పక్కన సంవత్సరం వేయడానికి అందరూ ఒప్పుకున్నారు. ఏటిగట్టు మీది పాత కట్టడానికి వేద్దామంటే మూడు అర్జీలు పెట్టినా రసీదు తప్ప జవాబు లేదు. నాలుగోసారి వెళ్తే ఫైలు ఇంకో సెక్షన్‌లో ఉందన్నారు. ఒక్క గీతకు ఏడాది తిరగాల్సి రావడం బాధగా ఉంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది సంక్రాంతి వెళ్లాక తొమ్మిదో తరగతి పిల్లలతో చేసిన యాత్ర. సఖినేటిపల్లి నుంచి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద నరసాపురం వైపు మాధవాయిపాలెం రేవుకు దాటాం. ఈ ఊరి పేరే ఇంగ్లీషువాళ్ల నోట మాడపొల్లంగా మారి, ఒక రకం నూలుగుడ్డకు పేరైందని చెబితే పిల్లలు నమ్మలేదు. గోదావరి ఏడు పాయలను, అంటే సప్తగోదావరులను, గుక్క తిప్పుకోకుండా చెప్పిన పిల్లవాడు, మన వైనతేయ పాయ ఆ ఏడింటిలో లేదని తెలిసి నోరెళ్లబెట్టాడు.

ఇంటి దగ్గర కాలువ నీళ్లు ఒక సీసాలో, రేవు నీళ్లు ఒక సీసాలో, అంతర్వేదిలో వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గరవి మరో సీసాలో పట్టాం. రేవు నీళ్లు నాలుక మీద వేసుకున్న ఒక అమ్మాయి మొహం చిట్లించి "సముద్రం ఇంకా రాలేదు కదా సార్, ఇక్కడే ఉప్పగా ఉన్నాయేంటి?" అంది. ఏట్లో పైనుంచి వచ్చే నీరు తగ్గితే, పోటుకు ఉప్పునీళ్లు ఎగదన్నుతాయని అక్కడే చూపించాం. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు మన పొలాలకు ఎందుకంత ముఖ్యమో ఆ మూడు సీసాలతో పిల్లలకు అర్థమైంది. అవి ఇప్పుడు హైస్కూల్లో ఉన్నాయి.

బస్సు ఇచ్చినవారికి, వెంట వచ్చిన మాస్టార్లకు, పిల్లల్ని కంటికి రెప్పలా చూసుకున్న పంటు సిబ్బందికి, తెల్లవారుజామునే లేచి పులిహోర కలిపిన మహిళా సభ్యులకు, రంగు డబ్బాలు ఉచితంగా ఇచ్చిన కొట్టువారికి, అడిగినప్పుడల్లా హాలు తెరిచిన పంచాయతీవారికి పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చుల కాగితం కోశాధికారిగారు అందరికీ పంచారు. అప్పు లేదు. చందా బాకీలు ఈ నెలలోనే కట్టండి.

మిగిలిన ఇళ్ల కొలతలు వచ్చే ఆదివారం మొదలుపెడుతున్నాం. ఉదయం ఏడింటికి రామాలయం దగ్గరికి రండి. టేపు, రంగు నేను తెస్తాను.

ఇట్లు,
కార్యదర్శి